అక్కయ్య వంటకు లైసెన్సు

వంట చెయ్యడానికి లైసెన్సేమిటని మా నాయనమ్మ బతికి ఉంటే ముక్కున వేలేసుకునేది. ఆవిడ కాలంలో పెళ్ళి వంట చేసేవాడికి కావలసిన అర్హతలు రెండే. చెయ్యి మంచిదని నలుగురూ అనాలి. ఊళ్ళో పెద్ద గుండిగలు ఎవరింట్లో ఉన్నాయో తెలిసి ఉండాలి. ముహూర్తానికి రెండు రోజుల ముందే వచ్చి పెరట్లో గాడిపొయ్యి తవ్వేవాళ్ళు. చివరి బంతి లేచాక తాంబూలంలో దక్షిణ పుచ్చుకుని వెళ్ళేవాళ్ళు. అక్కడితో తతంగం పూర్తి. అంతదాకా ఎందుకు, గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు గడప తొక్కిన ప్రతివాడికీ జన్మంతా అన్నం పెట్టింది. ఆవిణ్ణి నంబరెంతని అడిగినవాడు లేడు.

2022 వేసవిలో మా అక్కయ్యను అడిగారు.

అక్కయ్యది గుంటూరులో కాపురం. బావగారు ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు రాసేవారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ కంపెనీ మూతపడింది. యాభై నాలుగేళ్ళ మనిషిని కొత్తగా ఎవరు పిలుస్తారు? రెండు నెలలు ఆయన పేపరులో ప్రకటనలు చూశారు. మూడో నెలనుంచి పేపరు తెరవడమే మానేశారు. ఇల్లు గడవడం కోసం అక్కయ్య వీధిలో జబ్బుపడిన వాళ్ళకు క్యారేజీలు కట్టడం మొదలుపెట్టింది. ఆ చెయ్యి మా అమ్మ చెయ్యి; గుత్తివంకాయకూర తిన్నవాళ్ళు గిన్నె కడిగి తిరిగి పంపించేటప్పుడు ఉత్తి గిన్నె పంపలేక రెండు అరటిపళ్ళు పెట్టి పంపేవారట. ఆ నోటా ఈ నోటా పడి సీమంతాలు, నామకరణాలు, గృహప్రవేశాలు వచ్చాయి. ముప్ఫై విస్తళ్ళు, నలభై విస్తళ్ళు, ఒకసారి నూట ఇరవై. పెరట్లో రేకుల వసారా వంటశాల అయింది.

మే నెలాఖరున ఒక ఆఫీసువాళ్ళు కబురు చేశారు. జూలై ఒకటో తారీఖునుంచి రోజుకు అరవై భోజనాలు, ఒక్కొక్కటి తొంభై రూపాయలు, నెలకు ఇరవై అయిదు రోజులు, డబ్బు నెలనెలా బ్యాంకులో. అక్కయ్య ఎగిరి గంతెయ్యబోయి ఆగింది. ఆ ఆఫీసు అకౌంటెంటు చివర్లో, “మీ ఎఫ్‌.ఎస్‌.ఎస్‌.ఎ.ఐ. నంబరు ఇవ్వండమ్మా, బిల్లు మీద ఉండాలి” అన్నాడట.

ఆ రాత్రే నాకు ఫోను చేసింది. “ఒరే, నువ్వు కాలేజీలో పాఠాలు చెబుతావుగా, ఇదేమిటో కనుక్కోరా” అంది. తెలుగు ఎమ్మే చదివినవాడికి సంధులూ సమాసాలూ విడదీయడం తెలుస్తుంది గాని, సర్కారువారి దరఖాస్తులు విడదీయడం ఎవరు నేర్పారు? అయినా అక్కయ్య అడిగాక తెలియదనడం నా వల్ల కాలేదు. వేసవి సెలవులు ఇంకా కొద్దిరోజులున్నాయి. బస్సెక్కాను.

మొదట వెళ్ళింది వీధి చివర నెట్ సెంటరుకు. అక్కడ కూర్చున్న కుర్రవాడు మా మాట సగంలోనే అందుకుని, “ఆరువేలు అవుతుంది సార్. మూడు రోజుల్లో నంబరు మీ చేతిలో పెడతా. మీరేమీ చదవక్కర్లేదు” అన్నాడు. నేను జేబు తడుముకుంటున్నాను. అక్కయ్య మాత్రం కూరగాయల బజారులో బేరం చేసిన మనిషి. “అందులో సర్కారుకు ఎంత, నీకెంత నాయనా?” అని అడిగింది. కుర్రవాడు నవ్వి ఊరుకున్నాడు. సర్కారుకు కట్టే రుసుము ఎంతో ఇంటికొచ్చి మా మేనల్లుడు కంప్యూటరులో వెతికి చెప్పాడు: చిన్న వ్యాపారుల నమోదుకు ఏడాదికి నూరు రూపాయలు! దరఖాస్తు పెట్టుకోవడానికి ‘ఫోస్కోస్’ అని సర్కారువారి ఇంటర్నెట్ చిరునామా 2020నుంచి పనిచేస్తోంది. ఎవరింట్లో కూర్చుని వాళ్ళే పెట్టుకోవచ్చు. మనవాళ్ళు చాలామంది నూరు రూపాయల పనికి వేలు పోసుకుంటున్నారంటే, అది చట్టం కాఠిన్యం కాదు, చదవడానికి మనం పడే భయం.

ఆ రాత్రి నేను నిబంధనలు చదవడానికి కూర్చున్నాను. ఇది నిన్నో మొన్నో పుట్టిన జులుం కాదు. 1918లోనే మద్రాసు రాజధానిలో కల్తీ నిరోధానికి ఒక చట్టం ఉండేది. స్వతంత్రం వచ్చాక 1954లో దేశమంతటికీ ఆహార కల్తీ నిరోధక చట్టం చేశారు. దాని స్థానంలో వచ్చింది 2006నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. 2011 ఆగస్టు అయిదునుంచి దాని లైసెన్సు నియమాలు అమలయ్యాయి. వెనకటి చట్టం కల్తీ చేసినవాణ్ణి పట్టుకోవడం మీద చూపు పెడితే, ఇది వండేవాడు ఎక్కడ, ఎలా వండుతున్నాడో ముందే తెలిసి ఉండాలంటుంది.

2011 నియమాలు గీసిన గీత ఏడాదికి 12 లక్షల రూపాయలు. ఆ లోపువారికి ‘నమోదు’ చాలు, నూరు రూపాయలు. దాటితే రాష్ట్ర లైసెన్సు. భోజన క్యారేజీలు పంపేవారికీ, కేటరింగువారికీ అప్పట్లో ఏడాదికి 2,000 రూపాయలు. 20 కోట్లు దాటిన మహానుభావులకు కేంద్ర లైసెన్సు. వాళ్ళ గొడవ మనకెందుకు? ఈ చిన్న వ్యాపారి నిర్వచనంలో ఒకచోట నాకు చెమటలు పట్టాయి. మతపరమైన, సామాజికమైన కూడికల్లో ఆహారం పంచేవారు చిన్నవారే, ‘కేటరరు తప్ప’ అని ఉంది. ఈ ‘తప్ప’ అక్కయ్య మెడకు చుట్టుకుందే అని గంటసేపు బాధపడ్డాను. వాక్యం చివరిదాకా చదివితే, ఏడాదికి 12 లక్షలు మించని చిన్న ఆహార వ్యాపారాలన్నీ తర్వాతి ఖండంలో వస్తాయని తేలింది. ఇంత పొడుగు వాక్యం మా విద్యార్థులెవరైనా రాసి ఉంటే ఎర్రసిరా గీత పెట్టి ఉండేవాణ్ణి.

పొద్దున్నే కాఫీ తాగుతూ, “అక్కయ్యా, నీకు నమోదు చాలు. నూరు రూపాయలతో పోతుంది. నీకు ఏడాదికి 12 లక్షలు ఎక్కడ వస్తాయి? అన్నీ పోను నెలకు పాతికవేలు మిగిలితే గొప్ప” అన్నాను.

బావగారు కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆ రెండేళ్ళలో ఆయన వంటశాల సంగతులు పట్టించుకున్నది లేదు. భార్య సంపాదిస్తుంటే మాట్లాడటానికి నోరు రాలేదు కాబోలు. తల తిప్పకుండానే, “మిగిలింది కాదయ్యా లెక్క. అమ్మింది లెక్క” అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన లేచి వచ్చి, పాత కేలండరు కాగితం తిరగేసి పెన్సిలుతో వేశారు. రోజుకు 60, ఒక్కొక్కటి 90: అంటే 5,400. నెలకు 25 రోజులు: 1,35,000. పన్నెండు నెలలకు 16,20,000. బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, మనుషుల కూలి పోను మనకు ఏం మిగిలిందన్నది సర్కారుకు అక్కర్లేదు. వ్యాపారం ఎంత జరిగిందన్నదే చూస్తారు. జూలైనుంచి మార్చిదాకా తొమ్మిది నెలలే తీసుకున్నా 12,15,000. గీత మీద పదిహేను వేలు!

“నమోదు చేయించుకుని ఏడాది తిరగకుండా తప్పులో పడేవాళ్ళం. దీనికి రాష్ట్ర లైసెన్సే కావాలి” అన్నారు. అక్కయ్య గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆయన్నే చూస్తోంది. ఆ క్షణంనుంచి ఆ వ్యాపారానికి గుమస్తా దొరికాడు.

పాఠకులకు ఒక మాట. పై అంకెలు 2022 నాటివి. గీత ఎక్కడుందో, రుసుమెంతో సర్కారువారు అప్పుడప్పుడూ మారుస్తుంటారు కనుక దరఖాస్తు పెట్టేరోజున ఫోస్కోస్‌లో చూసుకోవాలి గాని, నా వ్యాసం చూసి కట్టెయ్యకూడదు. బావగారు చెప్పిన సూత్రం మటుకు మారదు: అమ్మింది లెక్క, మిగిలింది కాదు.

ఆయన పెన్సిలు అక్కడితో ఆగలేదు. సేవలమీద జి.ఎస్.టి. గీత ఏడాదికి 20 లక్షలు. మన రెండు రాష్ట్రాల్లోనూ అంతే. కేటరింగు సేవకింద వస్తుంది. ఆఫీసు భోజనాలు 16,20,000. అంతకుముందు ఏడాది విందులమీద వచ్చింది సుమారు నాలుగు లక్షలు. కూడితే 20,20,000. మొదటి సంవత్సరం సగంలో మొదలుపెడుతున్నాం కనుక గీత దాటదు. రెండో సంవత్సరం ఇరవై వేలకోసం దాటుతుంది. దాటిన తర్వాత ముప్ఫై రోజుల్లో నమోదు చేయించుకోవాలి. 2019 అక్టోబరునుంచి ఇటువంటి కేటరింగుమీద పన్ను 5 శాతం. సరుకులు కొన్నప్పుడు మనం కట్టిన పన్ను ఇందులో తగ్గించుకునే వీలు లేదు. అంటే తొంభై రూపాయల భోజనం మీద నాలుగున్నర రూపాయలు. అది ఆఫీసువాళ్ళు ఇస్తారా, అక్కయ్య కొంగులోంచి పోతుందా అన్నది ముందే కాగితం మీద పెట్టించుకోవాలి. బావగారు పెట్టించారు.

దరఖాస్తు జూన్ ఆరో తారీఖున పెట్టాం. గుర్తింపు కార్డు, ఫొటో, వంటశాల వివరాలు, అక్కడ వండుకునే హక్కు మనకుందని చూపే కాగితం కావాలి. ఈ చివరిదాని దగ్గర బండి ఆగింది.

ఆ ఇల్లు అద్దె ఇల్లు. పైవాటాలో ఇంటి యజమానురాలు, డెబ్భై ఏళ్ళు దాటిన మామ్మగారు, ఒక్కరే ఉంటారు. పింఛను మీద బతుకు. వసారాలో పొయ్యి పెట్టుకుంటే ఏనాడూ ఏమీ అనలేదావిడ. కాగితం మీద సంతకం అనేసరికి బెదిరిపోయారు. “ఇవాళ వంటన్నారు, రేపు దుకాణమంటారు. ఎల్లుండి కోర్టుకెళ్ళి ఇల్లే మాదంటే నేనేం చెయ్యను నాయనా?” అన్నారు. ఆవిడ భయం తప్పని నేననను. అద్దె ఒప్పందం లేకుండా పదకొండేళ్ళుగా నోటిమాట మీద ఉంటున్నారు వీళ్ళు. ఒప్పందం రాస్తే అది ఆవిడకే రక్షణ అని బావగారు రెండు సాయంకాలాలు కూర్చుని చెప్పారు. పదకొండు నెలల ఒప్పందం. వసారా ఫలానా పనికి వాడుకుంటారు. ఫలానా తేదీకి ఖాళీ చెయ్యమంటే చెయ్యాలి. ఆవిడ సంతకం పెట్టి, “కరెంటు సంగతేమిటి?” అని అడిగారు.

ఆ ముసలావిడ అడిగిన ప్రశ్న మాకెవ్వరికీ తట్టలేదు. ఇంటి వాడకానికిచ్చిన కరెంటుతో వ్యాపారం చెయ్యడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం అనుమతిలేని వాడకం. పట్టుబడితే ఆ వ్యాపారపు రేటుకు రెండింతలు లెక్కగట్టి వసూలు చేస్తారు. మీటరు ఆవిడ పేర ఉంది కనుక నోటీసు వచ్చేది కూడా ఆవిడకే. వసారాకు వేరే వ్యాపార కనెక్షను పెట్టించాం. రుబ్బురోలు, ఫ్రిజ్జు, దీపాలు అన్నీ దానికి మార్చాం.

గ్యాసు సంగతి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. అంతవరకూ అక్కయ్య వాడినవి ఇంటి సిలిండర్లే. తనది ఒకటి, పక్కింటివాళ్ళది ఒకటి, నాది కూడా ఒకసారి ఆటోలో పంపించాను. 14.2 కిలోల ఇంటి సిలిండరు ఇంటి వంటకే. వ్యాపారానికి వాడటం 2000నాటి గ్యాసు సరఫరా ఉత్తర్వు ప్రకారం నేరం. వ్యాపారానికి 19 కిలోలది వేరే ఉంది. ధర ఎక్కువేమరి. ఈ తేడా తొంభై రూపాయల భోజనంలో కలుపుకోకుండా బేరం ఆడితే మొదటి నెలలోనే చేతులు కాలతాయి. మరొకటి, నూరు కిలోలకు మించి గ్యాసు నిలవచెయ్యాలంటే పేలుడు పదార్థాల శాఖవారి లైసెన్సు వేరే కావాలి. 19 కిలోలవి అయిదైతే 95, ఆరైతే 114. అంచేత, ఖాళీవి నిండువి అన్న చర్చ లేకుండా, వసారాలో నాలుగుకు మించి ఉండకూడదని బావగారు గోడమీద సుద్దతో రాశారు.

మిగిలినవి త్వరగానే అయ్యాయి. నగరపాలక సంస్థ వ్యాపార లైసెన్సు ఏటేటా పునరుద్ధరించుకోవలసింది. పల్లెల్లో అయితే పంచాయతీవారిది. పనివాళ్ళను పెట్టుకున్నారు కనుక 1988నాటి దుకాణాల, సంస్థల చట్టం కింద కార్మిక శాఖలో నమోదు. వృత్తిపన్ను, ఎంత వేసినా ఏడాదికి 2,500 రూపాయలు మించకూడదని రాజ్యాంగమే కట్టడి చేసింది. ‘ఉద్యమ్’ అని చిన్న పరిశ్రమల నమోదు ఒకటి 2020 జూలైనుంచి ఉంది. అది పూర్తిగా ఉచితం. బ్యాంకు అప్పుకు వెళ్ళినప్పుడు ఆ కాగితం పనికొస్తుంది. దానికి కూడా డబ్బు అడిగేవాళ్ళున్నారు, ఇవ్వకండి.

జూన్ ఇరవై నాలుగున ఆహార భద్రతాధికారి వచ్చారు.

అధికారి అనగానే మనకు ఒక బొమ్మ గుర్తొస్తుంది. ఆ వచ్చినాయన ఆ బొమ్మలాగా లేరు. చెప్పులు బయట విప్పి, చేతులు కడుక్కుని, వసారాలోకి వచ్చారు. కిటికీకి దోమల జాలీ లేదన్నారు. చెత్తబుట్టకు మూత ఉండాలన్నారు. పచ్చికూరలు తరిగే పీటమీదే వండిన పదార్థాల గిన్నెలు దించుతున్నారేమని అడిగారు. బోరునీళ్ళు పరీక్ష చేయించారా అన్నారు. వంటలో చెయ్యి పెట్టే ప్రతివారికీ ఏడాదికొకసారి డాక్టరు పరీక్ష జరగాలి. టైఫాయిడు జాతి జబ్బులకు టీకా వేయించాలి. అక్కయ్య దగ్గర పనిచేసే ఇద్దరమ్మాయిలకూ అవేవీ లేవు. వేయించిన నూనె ఏంచేస్తున్నారని అడిగారు. మళ్ళీ మళ్ళీ కాగి నూనెలో చేరే చెడు పదార్థాలు 25 శాతం మించితే ఆ నూనె వాడకూడదని 2018 జూలైనుంచి నియమం. గారెలు కాచిన నూనెతో మర్నాడు కూర తిరగమోత పెట్టుకోవడం మన ఇళ్ళల్లో పొదుపు. అరవైమందికి పెట్టేచోట అది చెల్లదు. చివరికి మూల పేర్చిన పాతపేపర్లు చూసి, “బజ్జీలు వీటిలో కట్టకండమ్మా, అచ్చుసిరాలో విషముంటుంది” అన్నారు. వాటిలో నేను వ్యాసాలు రాసిన సంచికలు కూడా ఉన్నాయి. నా రాతలు ఎవరి కడుపులోకీ వెళ్ళడానికి వీల్లేదని తేలిపోయింది.

అన్నీ రాసుకుని, వెళ్ళబోతూ, “అన్నం ఎన్నింటికి వండుతారు? ఎన్నింటికి తింటారు?” అని అడిగారు.

అక్కయ్య మొహం పాలిపోయింది.

ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. బావగారికి కూడా పూర్తిగా తెలియదు. అంతకుముందు ఏడాది, ఆ నూట ఇరవై విస్తళ్ళ గృహప్రవేశం నాడు, తొందరలో తెల్లవారుజామున మూడింటికే అన్నం వార్చి, పెద్ద గంగాళంలో రాశిపోసి, గుడ్డకప్పి ఉంచింది. బంతి లేచింది మధ్యాహ్నం ఒంటిగంటకు. సాయంత్రానికి పదకొండుమందికి వాంతులు. అందులో ఒక ఆరేళ్ళ పిల్ల ఉంది. ఆ రాత్రి ఆ పిల్లకు సెలైను ఎక్కించారు. అందరూ కోలుకున్నారు. ఆ ఇంటివాళ్ళు ఎవరికీ చెప్పలేదు. అక్కయ్య తీసుకున్న డబ్బంతా తిరిగి ఇచ్చేసి, అదీ ఎవరికీ చెప్పలేదు. పెరుగు పుల్లగా ఉందని, పనీరు కొన్న దుకాణం మంచిది కాదని, ఏవేవో అనుకుంటూ ఏడాదంతా లోపల కుమిలింది. ఆ రోజు ఆ అధికారి ముందు అంతా చెప్పేసింది.

నేను భయపడ్డాను. ఆయన కలం మూసి, పీటమీద కూర్చుని, పాఠం చెప్పినట్టు చెప్పారు. అన్నంలో ఒక జాతి సూక్ష్మజీవుల బీజాలుంటాయి. ఉడికించినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటలతరబడి ఉంటే మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. రుచి మారదు, వాసన రాదు, వండిన మనిషికి తెలియదు. అందుకే నియమాల్లో వేడిగా వడ్డించేది 60 డిగ్రీలకు తగ్గకూడదని, చల్లగా పెట్టేది 5 డిగ్రీలకు మించకూడదని రాశారు. పెద్ద రాశిలో లోపలి అన్నం చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది. చింతపండు పులుసు కలిపిన పులిహోర నిలవ ఉండటానికి ఆ పులుపే కారణం. మన పెద్దవాళ్ళు ప్రయాణానికి పులిహోరే ఎందుకు కట్టి ఇచ్చేవారో నాకు ఆ పూట తెలిసింది.

“ఇకమీదట వండే వేళ మార్చండి. ఒక థర్మామీటరు కొనండి” అని ఆయన లేచారు. అక్కయ్య మంచినీళ్ళ గ్లాసు ఇస్తే తాగి వెళ్ళిపోయారు.

ఆ వారం రోజులూ అక్కయ్య వంటశాలను తిరగేసింది. జాలీలు బిగించారు. నీళ్ళు పరీక్షకు పంపారు. అమ్మాయిలిద్దరికీ డాక్టరు పరీక్ష, టీకా అయ్యాయి. పచ్చివాటికి ఒక బల్ల, వండినవాటికి ఒక బల్ల. అన్నం ఒకేసారి కాకుండా రెండు వాయిలు, పదిన్నరకొకటి, పదకొండుంపావుకొకటి. క్యారేజీలు పన్నెండుకల్లా గుమ్మం దాటాలి. మేనల్లుడు సైన్సు పరికరాల దుకాణంలో థర్మామీటరు కొనుక్కొచ్చాడు. అక్కయ్య మొదటిరోజు దాన్ని సాంబారులో ముంచి, జ్వరం చూసే నర్సులాగా వెలుతురుకేసి పట్టుకు చూసింది.

ఇక్కడ నా సొంత ఫిర్యాదు ఒకటుంది. మా కాలేజీ కుర్రవాళ్ళు పెళ్ళిళ్ళ రోజుల్లో రాత్రిపూట ‘కేటరింగుకు’ వెళ్తారు. తెల్లచొక్కా, మెడకు విల్లు టై, చేతిలో బకెట్టు. నాలుగైదు వందలొస్తాయి. మర్నాడు మొదటి పీరియడులో ప్రబంధం చెబుతుంటే వెనకబెంచీ మొత్తం జోగుతుంది. నేను లేపను, ఆ డబ్బు ఫీజుకో పుస్తకాలకో వెళుతుందని తెలుసు గనక. కాని వాళ్ళలో ఒక్కడికైనా డాక్టరు పరీక్ష జరిగిందా? దగ్గుతూ వచ్చినవాణ్ణి వెనక్కు పంపిన కంట్రాక్టరు ఉన్నాడా? కోట్ల విందుల్లో వడ్డించేవాణ్ణి అడగని ప్రశ్న, రేకుల వసారాలో వండే ఆడదాన్ని అడుగుతున్నారే అని నాకు కోపం వచ్చింది. అక్కయ్యకు రాలేదు. “నన్ను అడగడం మంచిదయింది” అంది అంతే.

జూన్ ముప్ఫై వచ్చింది, లైసెన్సు రాలేదు. ఆఫీసువాళ్ళు ఇంకో పదిరోజులు చూస్తామన్నారు. నమోదైతే ముప్ఫై రోజుల్లో ఏ జవాబూ రాకపోతే వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చని నియమం. లైసెన్సుకు గడువు అరవై రోజులు. ఈ లోపల రెండు క్యారేజీల వాళ్ళు ఆ ఆఫీసు మెట్లెక్కి దిగారని తెలిసింది. ఇంకోవైపు జూలై ఒకటినుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధించారు. వాటిని కొని నిలవపెట్టుకున్న పెద్ద కేటరింగువాళ్ళు తలలు పట్టుకున్నారు. అక్కయ్యకు ఆ బెంగ లేదు. ఆవిడవి మొదటినుంచీ అడ్డాకు విస్తళ్ళు, స్టీలు క్యారేజీలు.

జూలై తొమ్మిది, శనివారం రాత్రి, ఫోనులో మెసేజి మోగింది. పద్నాలుగు అంకెల నంబరు. మొదటి అంకె 1. అది 1 అయితే లైసెన్సు, 2 అయితే నమోదు. మీరు భోజనం కొనేచోట బిల్లు మీద చూసుకోవచ్చు. నంబరు నిజమైనదో కాదో ఫోస్కోస్‌లో కొట్టి చూసుకోవచ్చు కూడా. బిల్లుల మీద ఈ నంబరు వేయడం 2022 జనవరినుంచి తప్పనిసరి. బావగారు ఆ రాత్రే బిల్లు పుస్తకాలు అచ్చుకిచ్చి వచ్చారు. సోమవారం పదకొండో తారీఖున అరవై క్యారేజీలు వెళ్ళాయి. అరవై ఒకటోది పైవాటా మామ్మగారికి.

సెలవులెప్పుడో అయిపోయాయి కనుక నేనప్పటికి మా ఊళ్ళో ఉన్నాను. ఆగస్టులో ఏదో పనిమీద గుంటూరు వెళితే, అక్కయ్య నాకూ ఒక క్యారేజీ కట్టి రైల్లో తినమని ఇచ్చింది. గుత్తివంకాయకూర, ముద్దపప్పు, పులిహోర. తెనాలి దాటాక మూత తీస్తే పైగిన్నెలో మడిచిన కాగితం ఒకటుంది. పైన పద్నాలుగు అంకెలు, కింద బావగారి గుండ్రటి చేతిరాత: ‘భోజనం ఒకటి, రూ. 90. బాకీ.’